వంత లేని సైరన్

బుర్రకథ కళాకారుడు మిరియాల అప్పారావుగారికి పద్మశ్రీ వచ్చింది. 2025 జనవరిలో ఢిల్లీ జాబితా వెలువడేసరికి, కొద్ది రోజుల ముందే ఆయన కన్నుమూశారు. తాడేపల్లిగూడెం సంబరపడాలో, సంతాపసభ పెట్టాలో తేల్చుకోలేకపోయింది. పోయాక ఇచ్చినా ఇచ్చినట్టే అనేవాళ్లుంటారు. సరే, ఇచ్చినట్టే. కానీ ఇచ్చింది దేనికి? ‘అంతరించిపోతున్న జానపద కళకు సేవ’ అని సన్మానపత్రాల్లో రాసుకునే ఆ పాత మాటకేనా?

జవాబు కోసం ఒక సైరన్ దగ్గరికి వెళ్దాం. ఆ ఏడాదే మే 7న దేశమంతటా పౌర రక్షణ విన్యాసాలు జరిగాయి. మన రాష్ట్రంలో విశాఖలో సైరన్లు మోగాయి. అంతవరకూ సబబే. ఆ తర్వాత మూడు రోజులు తెలుగు, హిందీ అన్న తేడా లేకుండా వార్తా చానెళ్లు ఆ సైరన్‌నే నేపథ్య సంగీతం చేసుకుని, అరుపుల మధ్య అరుపుగా వాయించాయి. చివరికి మే 10న కేంద్ర పౌర రక్షణ విభాగమే కల్పించుకోవాల్సి వచ్చింది: అవగాహన కార్యక్రమాలకు తప్ప ఆ మోత వాడొద్దు, రేపు నిజంగా మోగితే జనం పట్టించుకోరు అని. దేశభద్రత మీద మన కాలం కట్టిన సంగీతం ఇదీ!

భయానికి దరువు కట్టడం ఈ గోదావరి డెల్టాకు కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ యుద్ధకాలంలోనే, రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ గరికపాటి రాజారావు ప్రజానాట్యమండలిని నిలబెట్టాడు. మన పాలకొల్లు అల్లు రామలింగయ్యా ఆ మండలివాడే. గుంటూరు వైపు నుంచి షేక్ నాజర్ బెంగాల్ కరువును బుర్రకథ చేసి ఊరూరా చెప్పాడు. ఎక్కడి బెంగాల్, ఎక్కడి మన చెరువుగట్టు! అయినా జనం ఏడ్చారు, చందాలిచ్చారు.

అది ఎలా సాధ్యమైందో డక్కీ దగ్గర కూర్చుని విన్నవాళ్లకు తెలుసు. కథకుడి భుజాన తంబురా, చేతి వేళ్లకు అందెలు. రెండు పక్కలా మట్టివో ఇత్తడివో డక్కీలతో వంతలు. యుద్ధఘట్టం వచ్చేసరికి దరువు రెట్టింపవుతుంది, గజ్జెకాలు ముందుకు దూకుతుంది, వినేవాడి గుండె గొంతులోకి వస్తుంది. సరిగ్గా అక్కడ తెగుతుంది దరువు. కుడి పక్క రాజకీయ వంత అడుగుతాడు: ఇంతకీ ఈ యుద్ధం ఎవరికోసమయ్యా? ఎడమ పక్క హాస్య వంత ఇంకోటి అంటాడు. పందిరంతా నవ్వుతుంది. ఊపిరి తిరిగొస్తుంది. అప్పుడు మళ్లీ డక్కీ. భయాన్ని పెంచి, ఆపి, ప్రశ్నించి, తిరిగి నడిపించే ఈ కూర్పు ఏ కచేరీ తనియావర్తనానికీ తీసిపోదని మా అభిప్రాయం. సైరన్‌కు వంత ఉండడు.

ప్రభుత్వాలకు కంటగింపైందీ ఆ వంతే. మద్రాసు సర్కారు, నైజాం సర్కారు రెండూ బుర్రకథను నిషేధించాయి, శాంతిభద్రతల పేరుతోనే. తెల్లవాడు 1876లో తెచ్చిన నాటక ప్రదర్శనల చట్టం స్వాతంత్ర్యం వచ్చి డెబ్భై ఏళ్లు దాటేదాకా మన చట్టాల పుస్తకంలో అలాగే ఉంది. కొట్టి లాభం లేదని తెలిసినవాళ్లు తర్వాత దువ్వారు. కుటుంబ నియంత్రణ చెప్పు, పొదుపు చెప్పు, ఎయిడ్స్ చెప్పు, పూటకింత తీసుకో అన్నారు. డక్కీ ఉంది, తంబురా ఉంది, అడిగే నోరు మాత్రం పోయింది. రాజకీయ వంత చేత పథకాల పేర్లు చదివించి, ఇప్పుడు ‘కళ అంతరిస్తోంది’ అని కన్నీళ్లు పెట్టుకోవడం ఏం పద్ధతి? ప్రజానాట్యమండలి మాత్రం కమ్యూనిస్టు పార్టీ ప్రచారం చెయ్యలేదా అంటే, చేసింది. ఎవరి ప్రచారమో దాచకుండా చేసింది.

మన సంగీతజ్ఞులకూ ఒక మాట. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకల్లో ఈ మూడంకెలు తెలియని ఇల్లు ఉండదు. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లకైతే చెప్పనే అక్కర్లేదు. మూడు హెచ్చరికలు, మూడు కాలాలు: మొదటి కాలంలో టముకు, రెండో కాలంలో డోలు, మూడో కాలంలో ఊరి డప్పులన్నీ. కూర్పు నది దగ్గరే తయారుగా ఉంది. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండింది. కోనసీమ దాని కింద నిద్రపోయింది. దానికి ఎవరు దరువు కట్టారు? మన తాళవాద్య కచేరీలు మాత్రం ఏటా త్యాగరాజ ఉత్సవాల్లో అవే ముక్తాయింపులు వేస్తూనే ఉన్నాయి. డప్పును వేదిక మీదికి పిలిచేది అతిథికి ఎదురెళ్లడానికే.

అప్పారావుగారి పేరిట విగ్రహం పెడతారేమో, పెట్టనివ్వండి. మేం చేయగలిగింది చేస్తాం. వచ్చే సంచిక నుంచి కొత్త బుర్రకథకు ఆరు పేజీలు కేటాయిస్తున్నాం. వరద, గ్యాస్ పైపు, సరిహద్దు, ఫోన్‌లో వచ్చే దొంగ పోలీసు, ఏదైనా సరే. దరువు గుర్తులు రాసి పంపండి. వంతల ప్రశ్నలు లేని ప్రతి, ఎంత గొప్ప కవి పంపినా, తిరుగు టపాలో వస్తుంది.