పోలీసువాని సాక్ష్యమునకు గోప్యత కావలెను

సంపాదకులకు,

ఆర్యా,

ఆకాశమున గుర్తింపరాని వస్తువులు కానవచ్చెనను వార్తలను పత్రికలు తఱచుగా వినోదము కొఱకే ప్రకటించుచుండుట చూచి యీ లేఖ వ్రాయుచున్నాను. అవి యన్యలోకవాసుల వాహనములని వాదించుట నా యుద్దేశము కాదు. వానిని చూచిన పోలీసు ఉద్యోగి, తన పేరు బయటపడునను భయము లేక, చూచినది చూచినట్లు నివేదించుకొనుటకు ప్రతి దేశమునందును ఒక మార్గ ముండవలెననుటయే నా వాదము.

రాత్రివేళ మేల్కొని తిరుగుటయు, కాలమును దిక్కును దూరమును వెంటనే వ్రాసికొనుటయు, న్యాయస్థానమున ప్రతిపక్షపు వకీలు ప్రశ్నలకు నిలువగలుగునట్లు చెప్పుటయు పోలీసు వృత్తిధర్మములు. అయినను నోరు విప్పుట యతనికే యెక్కువ ప్రమాదకరము. ఏలయన, ఎగురు పళ్ళెములు చూచినవాడని ఒక్కమాఱు పేరుపడినచో, రేపు దొంగతనపు కేసులో అతడిచ్చు సాక్ష్యము నెవరు లక్ష్యపెట్టుదురు?

1966 ఏప్రిల్ 17వ తేదీ తెల్లవారుజామున అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున డెప్యూటీ షెరీఫ్ డేల్ స్పార్ తన సహచరునితో కలసి, దారిప్రక్కన విడిచిపెట్టబడిన యొక కారును పరీక్షించుచుండగా, చెట్లపైకి లేచిన కాంతిమంతమైన వస్తువు నొకదానిని చూచి, రేడియోలో వచ్చిన యాజ్ఞ మేరకు దానిని వెంబడించి, 80 మైళ్ళకు పైగా కారు నడపి, పొరుగు రాష్ట్రమైన పెన్సిల్వేనియాలోని కాన్వే వఱకు పోయెను. దారిలో ఈస్ట్ పాలస్టీన్ పోలీసు ఒకడును, చివర కాన్వే పోలీసు ఒకడును తామును చూచితిమనిరి. ఇట్టి దృశ్యములను విచారించుచుండిన వైమానిక దళమువారి ‘ప్రాజెక్టు బ్లూ బుక్’ మాత్రము, వారు మొదట చూచినది ఎకో ఉపగ్రహమనియు, పిమ్మట వెంబడించినది శుక్రగ్రహమనియు తేల్చెను. శుక్రుడే కావచ్చును, ఆ దినములలో శుక్రుడు వేకువ తూర్పున వెలుగుచుండుట నిజమే. అయినంతమాత్రమున, పేరును ముఖమును పత్రికల కెక్కిన యా మనిషి కొలది నెలలలోనే ఉద్యోగమునకు దూరమై, సంసారము చెదరి, నవ్వులపాలు కావలసినదేనా? ఉన్నదున్నట్లు చెప్పిన నేరమునకు ఇంత శిక్ష యేల? ఆ దుర్గతి చూచిన తోడి పోలీసులలో ఎందఱు మరల నోరు విప్పుదురు?

ఇందుకు చికిత్స క్రొత్తగా కనిపెట్టవలసినది కాదు. 1974 డిసెంబరు 1న వాషింగ్టన్ సమీపమున ఒక విమానము పొరపాటున కొండను ఢీకొని 92 మంది మరణించిరి. అటువంటి పొరపాటు వలననే ఆఱు వారముల ముందు వేఱొక కంపెనీ విమానము అదే కొండను త్రుటిలో తప్పించుకొనిన సంగతి ఆ కంపెనీ గడప దాటలేదు! ఆ దుఃఖము నుండి పుట్టినదే 1976లో నాసా చేపట్టిన గోప్యనివేదికల పద్ధతి. విమానచోదకుడు తన నివేదికను శిక్షించు నధికారికి గాక, తటస్థ సంస్థయైన నాసాకు పంపును. విచారకులు కావలసిన వివరము లడిగి తెలిసికొని, పేరున్న చీటీని వేఱుచేసి యతనికే తిరిగి పంపివేయుదురు. లోకమునకు విషయము మిగులును, వ్యక్తి మిగులడు. ఆకాశమున కానవచ్చు నిట్టి వింతలను గూర్చిన చోదకుల నివేదికలకును ఈ పద్ధతినే వాడుకొనవచ్చునని నాసా నియమించిన పండితసంఘము 2023లో సూచించినది. నేలమీద కాపలా తిరుగువానికి మాత్రమే యిది యేల వర్తింపరాదు?

గోప్యత చాటున అబద్ధములు ప్రబలునని కొందఱందురు. కాని పేరు దాచుట లోకమునుండియే గాని విచారకునినుండి గాదు. ఫ్రాన్సులో 1977 నుండి జాతీయ అంతరిక్ష సంస్థయే ఇట్టి సాక్ష్యములను పరిశీలించుచున్నది. వానిని నమోదు చేయువారు జెండార్మ్‌లు, అనగా ఆ దేశపు పోలీసులే. 2007 నుండి ఆ పత్రములు సాక్షుల పేర్లు తొలగింపబడి ప్రజలకు లభ్యమగుచున్నవి. బ్రిటన్‌లో 2002లో గ్యారీ హెసెల్టైన్ అను డిటెక్టివ్ పోలీసుల యనుభవములను సేకరించుటకు తానే పూనుకొనెను. ఆ శ్రద్ధ శ్లాఘ్యమే కాని, ప్రభుత్వము చేయవలసిన పని ఒక వ్యక్తి యోపికపై నిలువరాదు. అక్కడి రక్షణశాఖ యీ నివేదికల విభాగమును 2009లో మూసివేసినది కూడ.

మీ పత్రికకును ఒక విన్నపము: ఇట్టి వార్త యే దేశమునుండి వచ్చినను, సాక్షి సమ్మతి తెలియనిదే యతని పేరును, ఛాయాచిత్రమును ముద్రింపకుడు.

ఇట్లు,
విధేయుడు,
ఒక పాఠకుడు