చక్రాలకూ సెలవు!

'నాన్నా, మారథాన్‌కి ఇంకా రెండు వారాలే!' అంది మా అమ్మాయి. ఈ సీజన్‌కి ఆఖరి పోటీ. స్కేట్లమీద 42 కిలోమీటర్లు! ఇబ్రహీంపట్నంలో అంత దూరం ప్రాక్టీసు ఎక్కడ చేస్తుంది? సాగర్ రోడ్డెక్కుతానంది. లారీల మధ్యా? వద్దంటే వద్దన్నాను. రెండ్రోజులు మాటల్లేవు. చివరికి వాళ్ల కోచ్ తేల్చారు... 200 మీటర్ల ట్రాక్ మీద 211 చుట్లు. విసుగే కానీ ప్రాణభయం లేదు.

2025లో చైనాలోని బీదైహేలో జరిగిన ప్రపంచ పోటీల్లో మన దేశపు కుర్రాడు, తమిళనాడుకు చెందిన ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 1000 మీటర్లలోనూ, 42 కిలోమీటర్ల మారథాన్‌లోనూ స్వర్ణాలు గెలిచాడు. మా పిల్లకు అప్పట్నుంచే ఈ పిచ్చి.

ఆఖరి వారం అసలు పరీక్ష నాకే. లోపలి అంచు అరిగిన చక్రాలను తిప్పి బిగించాం. కొత్త బూట్లంటే ససేమిరా అన్నాను. బొబ్బలొస్తే ఎవరు పరిగెత్తుతారు? 'ముందున్నవాళ్ల వెనకే వెళ్లు, గాలిని వాళ్లే చీలుస్తారు' అని కోచ్ పాఠం. అన్నిటికంటే కష్టం ప్రాక్టీసు తగ్గించమనడం! ఇప్పుడు కొత్తగా వచ్చే బలమేం లేదు, అలసట తప్ప.

నిన్న తెల్లారి చూస్తే హెల్మెట్ పెట్టుకుని వరండాలో కూర్చుంది.

'ఇవాళ విశ్రాంతి కదమ్మా!'

'అందుకేగా కూర్చున్నా!'