పేరు వర్ణన కాదు: కొమ్ముల భరతపక్షి శాస్త్రీయ నామాల పుట్టుక

శాస్త్రీయ నామం అంటే ఒక ప్రాణి లక్షణాన్ని రెండు మాటల్లో బిగించి చెప్పే సంక్షిప్త వర్ణన అనీ, ఆ మాటల అర్థం విప్పితే ప్రాణి రూపం, స్వభావం, నివాసం తెలిసిపోతాయనీ పాఠ్యపుస్తకాల నుంచి ఆదివారం అనుబంధాల దాకా పాతుకుపోయిన అభిప్రాయం. ఊరికో తీరున మారే వాడుక పేర్లు గందరగోళపెడతాయనీ, లాటిన్ పేరు మాత్రం ఉన్నదున్నట్టు చెబుతుందనీ దీనికి అనుబంధ సూత్రం. ఈ మధ్య ఈ అభిప్రాయాన్నే తిరగేసిన వాదం ఒకటి బలపడింది: పేరు తప్పుడు అర్థమిస్తున్నా, గౌరవానికి తగని మనిషిని స్మరిస్తున్నా దాన్ని తీసివేసి సరైన అర్థమున్న పేరు పెట్టాలని అది కోరుతుంది. ఒక పక్షం పేరును పూజిస్తే రెండో పక్షం దాన్ని బోనెక్కిస్తుంది. కాని పేరు అనేది ప్రాణిని గురించి ఎవరో చేసిన ప్రకటన అనే నమ్మకం రెండు పక్షాలకూ ఉమ్మడి ఆస్తి. ఆ నమ్మకానికి ఆధారం లేదని, ఒకే ఒక్క పక్షి జాతికీ దాని ఉపజాతులకూ పేర్లు వచ్చిన తీరు చూస్తే తేలిపోతుంది.

ఆ జాతి లార్క్ కుటుంబానికి చెందినది. లార్కుకు తెలుగు నిఘంటువులు భరతపక్షి అనే మాట ఇస్తాయి. ఇంగ్లీషులో హార్న్‌డ్ లార్క్ అనే ఈ పక్షికి తలకు రెండు పక్కలా సన్నని నల్ల ఈకల కుచ్చులు నిలిచి ఉంటాయి గనుక దీన్ని కొమ్ముల భరతపక్షి అనవచ్చు. ఇది తెలుగు నేలకు వచ్చే పక్షి కాదు. ఆర్కిటిక్ టండ్రా, ఉత్తర అమెరికా మైదానాలు, స్కాండినేవియా, బాల్కన్ కొండలు, మొరాకోలోని అట్లాస్ పర్వతాలు, టర్కీ, ఇరాన్, మధ్య ఆసియా, టిబెట్, మన దేశంలో లడఖ్, సిక్కిం ఎత్తులు దీని నివాసాలు. చెట్టూ చేమా లేని పలచని గడ్డి బయలు కనిపిస్తే చాలు, సముద్రమట్టంలోనైనా 4,000 మీటర్ల ఎత్తునైనా కాపురం పెడుతుంది. దీని శాస్త్రీయ నామం ఎరెమోఫిలా ఆల్పెస్ట్రిస్. ఇందులో మొదటి మాట ప్రజాతిని, అంటే దగ్గరి చుట్టరికమున్న జాతుల సముదాయాన్ని తెలుపుతుంది, రెండోది జాతిని తెలుపుతుంది, ప్రాంతాన్ని బట్టి రంగులోనో పరిమాణంలోనో తేడా చూపే ఉపజాతిని చెప్పవలసి వచ్చినప్పుడు మూడో మాట చేరుతుంది. ఈ ఒక్క జాతిలోనే 40కి పైగా ఉపజాతులను గుర్తిస్తున్నారు గనుక పేర్ల పరిశీలనకు ఇంతకంటే సమృద్ధమైన పొలం దొరకదు.

ఆల్పెస్ట్రిస్ అంటే ఎత్తైన పర్వతాలకు చెందినది అని అర్థం. 1758లో వెలువడిన ‘సిస్టెమా నాచురే’ పదో ముద్రణలో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఈ పేరు పెట్టాడు. అప్పుడు ప్రజాతి నామం అలౌడా, అంటే లార్కులన్నిటికీ కలిపి వాడిన పాత లాటిన్ మాట. లిన్నేయస్ ఆధారం చేసుకున్నవాటిలో ప్రధానమైనది ఇంగ్లీషు ప్రకృతి పరిశీలకుడు మార్క్ కేట్స్‌బీ కరోలినా ప్రాంతపు ప్రాణుల గురించి ప్రచురించిన చిత్రగ్రంథం. కేట్స్‌బీ చూసిన పక్షులు చలికాలంలో కరోలినా సముద్రతీరానికి గుంపులుగా వచ్చి, ఇసుక దిబ్బల మీద పెరిగే గడ్డి గింజలు ఏరుకు తినేవి. ఆ విధంగా పర్వతవాసి అనే పేరు అట్లాంటిక్ ఒడ్డున ఇసుకలో తిరిగే పక్షికి దక్కింది. ఈనాటికీ ఆ పేరుకు మూలస్థలం, అంటే పేరు ఏ ప్రాంతపు పక్షికి కట్టుబడి ఉందో ఆ చోటు, కరోలినాయే. ఇదే పక్షిని చలికాలంలో తమ తీరాన చూసిన బ్రిటన్ వారు షోర్ లార్క్, అంటే తీరపు లార్క్ అని పిలుచుకున్నారు. జనం తీరమంటే శాస్త్రం కొండ అన్నది.

ఈ పక్షి చాలా చోట్ల కొండల మీద గూడు కడుతుంది గనుక పేరు సార్థకమేనని సమర్థకులు అనవచ్చు. కొన్ని జనాభాల విషయంలో అది నిజమే. కాని ఆ వాదన ఉపజాతుల దగ్గరికి వచ్చేసరికి నవ్వులపాలవుతుంది. ఎరెమోఫిలా అంటే గ్రీకులో ఎడారిని, నిర్జన ప్రదేశాన్ని ప్రేమించేది. అమెరికా తూర్పు భాగపు పచ్చిక బయళ్ల ఉపజాతికి హెన్షా 1884లో ప్రాటికోలా, అంటే పచ్చికవాసి అని పేరు పెట్టాడు. కాలిఫోర్నియా తీరపు ఉపజాతికి ఓబర్‌హోల్సర్ 1902లో తీరానికి చెందినదనే అర్థంలో ఆక్టియా అన్నాడు. పేరును వర్ణనగా చదివే పద్ధతిని నిజాయితీగా అమలు చేస్తే మొదటిది ఎడారి ప్రియురాలైన పర్వతవాసి అయిన పచ్చికవాసి, రెండోది ఎడారి ప్రియురాలైన పర్వతవాసి అయిన తీరవాసి. ఇంత పొంతన లేని వర్ణన రాసిన విద్యార్థికి ఏ ఉపాధ్యాయుడూ మార్కులు వేయడు. అయినా శాస్త్రజ్ఞులెవరూ ఇబ్బంది పడలేదు, ఎందుకంటే వాళ్లు ఆ మాటలను వర్ణనగా చదవడం లేదు. అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి 18వ అధికరణం ఈ విషయాన్ని సూటిగానే తేల్చింది: అర్థం పొసగలేదన్న కారణంతో పేరు చెల్లకుండా పోదు.

చెల్లుబాటును నిర్ణయించేది అర్థం కాదు, మూల నమూనా. ఒక పేరు ఏ నిర్దిష్ట నమూనాకు, ఏ ప్రాంతపు పక్షికి కట్టబడిందో ఆ బంధం తెగదు. చుట్టూ జాతుల హద్దులు ఎంత మారినా పేరు ఆ గుంజ దగ్గరే ఉంటుంది. 2014లో ద్రోవెత్స్కీ, అతని సహచరులు మైటోకాండ్రియా డీఎన్ఏ ఆధారంగా ఎరెమోఫిలా ప్రజాతిలో ఆరు జాతులున్నాయని ప్రతిపాదించారు. పక్షిశాస్త్రజ్ఞులందరూ దాన్ని అంగీకరించలేదు గాని, అంగీకరిస్తే జరిగేదేమిటో చూడవలసిందే: ఆల్పెస్ట్రిస్ అనే పేరు అమెరికా పక్షులకే మిగులుతుంది. అట్లాస్ పర్వతాల పక్షులు, హిమాలయాల పక్షులు, కాకసస్ నుంచి ఇరాన్ దాకా ఎత్తుల మీద బతికే పక్షులు, అంటే పర్వతవాసి అనే బిరుదుకు అందరికంటే ఎక్కువ హక్కున్నవి, ఆ పేరును వదులుకుని వేరే పేర్లు తీసుకోవాలి. వర్ణన సిద్ధాంతానికి ఇది అన్యాయంగా తోస్తుంది. నామకరణ విధానానికి ఇది మామూలు సంగతి.

ప్రజాతి నామం కథ ఇంకా వింతగా ఉంటుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు బోయె 1828లో ఎరెమోఫిలా అనే పేరు ప్రతిపాదించాడు. అంతకు ముందే, 1805లో, హంబోల్ట్ దక్షిణ అమెరికా చేప ఒకదానికి ఎరెమోఫిలస్ అని పేరు పెట్టి ఉన్నాడు. రెండూ ఒకే పేరు కిందికి వస్తాయని భావించినవారు బోయె పేరును పక్కనపెట్టి పక్షిశాస్త్రజ్ఞుడు బోనపార్ట్ పెట్టిన ఒటోకోరిస్ అనే పేరును దశాబ్దాల తరబడి వాడారు. చివరికి ప్రజాతి నామాల్లో ఒక్క అక్షరం తేడా ఉన్నా అవి వేర్వేరు పేర్లేనన్న నియమం మీద ఎరెమోఫిలా తిరిగి వచ్చింది. ఈ తగాదాలో ఎక్కడా ఈ పక్షి ఎడారిని ప్రేమిస్తుందా లేదా అన్న ప్రశ్న తలెత్తలేదు. తగాదాకు కారణమైన చేప నివాసం బొగోటా ఎత్తుల్లోని నీళ్లు. దక్షిణ అమెరికాలో కొమ్ముల భరతపక్షి కనిపించే ఒకే ఒక్క చోటు కూడా ఆ ప్రాంతపు ఎత్తైన బయళ్లే. అక్కడి ఉపజాతికి స్క్లేటర్ 1855లో పెరెగ్రినా, అంటే దేశదిమ్మరి అని పేరు పెట్టాడు. ఆ పక్షి ఎక్కడికీ వలసపోదు. ఏడాది పొడుగునా ఆ ఎత్తుల మీదే ఉంటుంది.

రంగును, ఆకారాన్ని చెప్పే పేర్లు నమ్మదగినవని కొందరంటారు. ఫ్లావా అంటే పసుపు, లాంగిరాస్ట్రిస్ అంటే పొడవాటి ముక్కున్నది, స్ట్రిగాటా అంటే చారలున్నది. ఇవేవీ అబద్ధాలు కావు. కాని ఒక వర్ణన పనికిరావాలంటే అది ఒకదాన్ని మరొకదాని నుంచి వేరుచేయాలి. అమెరికా ఉపజాతి ఒకదానికి ఎలియట్ కౌజ్ 1874లో ల్యూకోలీమా అని పేరు పెట్టాడు, అది గ్రీకులో తెల్లని కంఠం కలది. ఆసియా ఉపజాతికి బోనపార్ట్ 1850లో ఆల్బిగులా అన్నాడు, అది లాటిన్‌లో తెల్లని కంఠం కలది. ఒకే జాతిలో, ఒకే అర్థంతో, రెండు ఖండాల మీద రెండు ఉపజాతులు రెండు భాషల్లో బతుకుతున్నాయి. బ్రెమ్ 1842లో పెట్టిన బైకోర్నిస్ సంగతి అంతకంటే నిష్ప్రయోజనం: రెండు కొమ్ములది అనే ఆ మాట ఈ జాతి మగపక్షులన్నిటికీ సమానంగా వర్తిస్తుంది, ఏ ఒక్క ఉపజాతినీ పట్టి ఇవ్వదు. పేరు పెట్టినవాడి బల్ల మీద ఆ రోజు ఉన్న చర్మాలు, అతను వాటిని పోల్చి చూసిన పక్షులు, అతనికి అప్పటికి తెలిసిన ప్రపంచం ఎంతవరకో పేరులోని వర్ణన కూడా అంతవరకే.

ఈ మాటకు దక్కను నేల నుంచే సాక్ష్యం ఉంది. ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారి సైక్స్ 1832లో దక్కను పక్షుల జాబితా ప్రచురిస్తూ పొట్టి వేళ్ల లార్కు ఒకదానికి దుఖునెన్సిస్ అని పేరు పెట్టాడు. అతని దక్కను ముఖ్యంగా మరాఠీ ప్రాంతం. మాట మాత్రం మొత్తం పీఠభూమికి చెందినది. చాలా కాలం ఇది కలాండ్రెల్లా బ్రాకిడాక్టిలా అనే జాతికి ఉపజాతిగా ఉండి, ఇప్పుడు అనేక జాబితాల్లో స్వతంత్ర జాతి అయింది. ఈ పక్షి పుట్టేది, గూడు కట్టేది మంగోలియాలో, టిబెట్ పీఠభూమి మీద. దక్కనుకు అది చలికాలపు అతిథి. ఇంగ్లీషు వాడుకలో దీన్ని మంగోలియన్ షార్ట్-టోడ్ లార్క్ అంటారు, శాస్త్రీయ నామంలో దక్కనుది అంటారు. పేరు చూసి ఇది మన దక్కను పక్షి అని గర్వపడడం ఎంత పొరపాటో, పేరు అబద్ధం చెబుతోందని దాన్ని కొట్టివేయడం అంతే పొరపాటు. సైక్స్ నమూనా దొరికింది ఇక్కడ. ఆ మాటకు ఉన్న పని ఆ సంగతిని మోయడం వరకే.

ఇక మనుషుల పేర్లు. 2023లో ‘నేచర్ ఎకాలజీ అండ్ ఎవల్యూషన్’ పత్రికలో కొందరు శాస్త్రజ్ఞులు వ్యక్తుల పేర్లకు ఈ శతాబ్దపు నామకరణంలో చోటు ఉండకూడదని వాదించారు. వలస పాలకుల, సంపన్నుల పేర్లే జీవజాలం మీద ముద్రపడ్డాయన్నది వారి ప్రధానమైన ఫిర్యాదు. అదే ఏడాది అమెరికన్ ఆర్నిథలాజికల్ సొసైటీ తన పరిధిలోని పక్షుల ఇంగ్లీషు పేర్లలో వ్యక్తుల పేర్లను మారుస్తామని ప్రకటించింది. ఇంగ్లీషు పేరు వాడుక మాట. దాన్ని వాడేవారు మార్చుకోదలచుకుంటే అడ్డుచెప్పడానికి ఏమీ లేదు. శాస్త్రీయ నామాన్ని ఆ కొలతతో కొలవడమే అసలు చిక్కు.

వారి ఫిర్యాదులో బలం లేకపోలేదు. టర్కీ ఉపజాతికి 1995లో రోసెలార్ పెట్టిన కుమెర్లోవీ అనే పేరు జర్మన్ పక్షిశాస్త్రజ్ఞుడు హాన్స్ కుమెర్లోవేది. అతడు నాజీ పార్టీ సభ్యుడు, వియన్నా ప్రకృతి మ్యూజియానికి ఆ కాలంలో అధిపతిగా పనిచేసినవాడు. ఇరవయ్యో శతాబ్దం చివర, అంతా తెలిసిన తర్వాత కూడా ఆ పేరు ఎంచుకోవడాన్ని ఎవరైనా తప్పుపడితే వారి నోరు మూయించలేము. కొత్త పేర్లు పెట్టేవారు ఇకముందు సంయమనం పాటించాలన్న మాట వరకు సమంజసమే. అయితే అదే జాతిలో సిక్కిం ఎత్తుల పక్షికి భూగర్భ శాస్త్రజ్ఞుడు బ్లాన్‌ఫర్డ్ 1872లో తన సహయాత్రికుడు ఎల్వెస్ పేరు పెట్టాడు. కున్‌లున్ పర్వతాల పక్షికి ప్రజెవాల్‌స్కీ తన యాత్రాబృందంలోని తెలెషోవ్ అనే కొసాక్ సిపాయి పేరు పెట్టాడు. ఏ పదవీ లేని సిపాయి, సంపన్నుడైన యాత్రికుడు, నాజీ అధికారి ఒకే జాతి కింద పక్కపక్కన ఉన్నారు. ఈ జాబితా ఎవరి సద్గుణాల పట్టికా కాదు, ఎవరు ఎవరితో ఏ కొండల్లో తిరిగారో చెప్పే దస్తావేజు. అందులో ఒక పేరును తుడిచి అర్థవంతమైన పేరు పెడదామంటే, ఆ అర్థవంతమైన పేరు ఏ తెల్ల కంఠమో రెండు కొమ్ములో అయి తీరుతుందని పై ఉదాహరణలే చెబుతున్నాయి. వృక్షశాస్త్రజ్ఞులు 2024లో మాడ్రిడ్ మహాసభలో కాఫ్రా అనే అవమానకరమైన మాటను అఫ్రాగా మార్చలేదా అని అడగవచ్చు. మార్చారు, ఒకే నియమంతో ఒక అక్షరాన్ని తీసివేశారు, ఏ పేరు ఏ మొక్కకు కట్టి ఉందో ఆ ముడిని తాకలేదు. పేర్లను విడివిడిగా విచారించి కొట్టివేయడం వేరు సంగతి, అందుకే జంతు నామకరణ సంఘం సభ్యులు ఆ బాధ్యతను నిరాకరించారు.

ముడి ఎందుకు ముఖ్యమో అమెరికా పశ్చిమ తీరంలో కనబడుతుంది. వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాల్లో మిగిలిన స్ట్రిగాటా ఉపజాతి కొలంబియా నదిలో పూడిక తీసి పోసిన ఇసుక దీవుల మీద, విమానాశ్రయాల రన్‌వేల పక్క గడ్డిలో గూళ్లు కడుతుంది. 2013లో దీన్ని అంతరించే ముప్పున్న ప్రాణుల చట్టం కింద చేర్చారు. చట్టం కాపాడుతున్నది కొమ్ముల భరతపక్షులన్నిటినీ కాదు, చారలున్న పక్షులన్నిటినీ కాదు. ఎరెమోఫిలా ఆల్పెస్ట్రిస్ స్ట్రిగాటా అనే మూడు మాటలకు కట్టుబడిన ఆ ఒక్క జనాభాను. ఫలానా పక్షి వీపు మీద చారలు స్పష్టంగా లేవని ఏ న్యాయవాదీ రక్షణ తప్పించలేడు. హెన్షా 1884లో పేరు పెట్టిన పక్షులూ నేడు ఆ రన్‌వే పక్కన పొదుగుతున్న పక్షులూ ఒకే జనాభా అవునా కాదా అన్నదొక్కటే అక్కడ తేలవలసిన విషయం.