వెనక వాకిలి తాళం ఎవరి దగ్గరుంది?

మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళం. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నవి. రాతలో తప్పులుంటే సర్దుకోండి, విషయంలో మాత్రం సర్దుకోకండి.

పోయిన మీటింగులో మన కల్యాణ మండపం వెనక వాకిలి సంగతి అడిగితే, "ఇరవై ఏళ్ళుగా తాళమే వేసుంది, ఏమైందిప్పుడు?" అన్నారు. నలుగురు నవ్వారు. తర్వాత ముందర కట్టబోయే ఆర్చికి చందా లిస్టు చదివారు. ఆ నవ్వుకు మా జవాబు ఇది.

కొన్నేళ్ళ కింద అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు న్యూయార్క్ ఫైర్ మ్యూజియం చూశాం. స్ప్రింగ్ స్ట్రీట్‌లో 1904లో కట్టిన ఫైర్ స్టేషనే అది. చేత్తో కొట్టే పంపులు, గుర్రాలు లాగిన బండ్లు, తోలు బక్కెట్లు అన్నీ భద్రంగా పెట్టారు. ఆ ఊళ్ళో 1865 వరకు మంటలార్పింది జీతం లేని వాలంటీర్లు. 2001 సెప్టెంబరు 11న పోయిన 343 మంది ఫైర్ సిబ్బంది స్మారకం ముందర మా ఇంటావిడ గుళ్ళోలాగ చెప్పులు విప్పబోయింది.

అక్కణ్ణుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఇంకో కట్టడం ఉంది. 1911 మార్చి 25న అందులో ట్రయాంగిల్ అనే జాకెట్ల ఫ్యాక్టరీ తగలబడింది. ఫైర్ బండ్లు త్వరగానే వచ్చాయి. నిచ్చెన ఆరో అంతస్తు దాకానే అందింది. మంటలు ఎనిమిది, తొమ్మిది, పది అంతస్తుల్లో! తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకు తాళం. ఎందుకు? కుట్టుపని ఆడపిల్లలు గుడ్డముక్కలు దొంగిలిస్తారని. పోయినవాళ్ళు 146 మంది. పనివేళల్లో తాళం వేయకూడదని చట్టం అప్పటికే ఉంది. కాగితం మీద ఉంది!

మన మండపంలో చెప్పే కారణమూ అదే కదా? పాత్రలు పోతాయి, కుర్చీలు పోతాయి. పోనీండి! కుర్చీ పోతే కొనవచ్చు.

అమెరికా మాట మనకెందుకు అంటారేమో. 2004 జనవరిలో శ్రీరంగం పెళ్ళి మండపంలో పందిరి అంటుకుని పెళ్ళికొడుకుతో సహా 50 మందికి పైగా పోయారు. అదే ఏడాది జూలై 16న కుంభకోణం స్కూల్లో 94 మంది పిల్లలు. ఈ రెండూ మన రాష్ట్రంలోనే. ఆ రెండు చోట్లా ముందురోజు అడిగుంటే, "ఇన్నేళ్ళుగా ఏమైంది?" అనే చెప్పుండేవారు.

రైల్వేలో మేము గుమస్తాగానే పనిచేశాం, ఇంజను తోలలేదు. కానీ రూల్సు పుస్తకం చాలాసార్లు తిప్పాం. అందులో ఒక్కో రూలు వెనక ఒక్కో ప్రమాదం ఉంటుందని పెద్దవాళ్ళు చెప్పేవారు. మనకు ఆ రూలు ఉచితంగా దొరికింది, ఇంకొకరు ప్రాణాలిచ్చి రాసిపెట్టారు.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం వద్దు. మేము అడిగేవి మూడే. ఫంక్షన్ ఉన్న రోజు వెనక వాకిలి తెరిచి ఉండాలి. దానికి అడ్డంగా పేర్చిన షామియానా కర్రలు తీసేయాలి. గోడకున్న ఎర్ర సిలిండరు తేదీ దాటిందేమో చూసి మార్చాలి. ఆర్చి తర్వాత కట్టుకుందాం. ఈ మూడూ జరిగిన రోజు ఆర్చి చందా మొదట మేమే ఇస్తాం.

అందాకా ఒకటే ప్రశ్న. తాళంచెవి ఎవరి దగ్గరుంది? పెళ్ళి జరుగుతుండగా ఆయన ఎక్కడుంటాడు?