‘పక్షివిశేష’ మనగా నేమి?

తెలుగు కావ్యములలో వసంతమునకు కొదువ లేదు. అష్టాదశ వర్ణనలలో ఋతువర్ణన యొకటి గావున ప్రబంధకవి చైత్రమాసమును తన కావ్యములోనికి ఒకసారి పిలువక తప్పినది కాదు. మావిచిగురు, కోకిల, తుమ్మెద, మలయమారుతము, ఈ నాలుగును చేరినచో వసంతము వచ్చినట్లే. ఆ వనవిహారములలో నాయిక యుండును, చెలికత్తెలుందురు, పువ్వులు కోయుటయు జలక్రీడలును సాగును. కాని ఒంటరిగా అడవికి పోయి, ఒక చెట్టు మొదట కదలక కూర్చుండి, ఏ పిట్ట ఏ కొమ్మపై వ్రాలినదో, ఏ మృగము ఏ దారిని నీటికి వచ్చినదో చూచువాడు ఆ వర్ణనలలో అరుదుగా కనబడును.

దీని ఫలము నిఘంటువులలో తెలియుచున్నది. పాత నిఘంటువును తెరచి పిట్ట పేరు వెదకినవారికి తరచుగా ఎదురగు అర్థము ‘పక్షివిశేషము’. చెట్టు పేరు వెదకినచో ‘వృక్షవిశేషము’. పరీక్షకు ఈ అర్థము చాలును. విద్యార్థి దానిని వ్రాయును, ఉపాధ్యాయుడు మార్కు వేయును. ఆ పిట్ట ఎట్లుండునో ఇద్దరికిని తెలియదు. నిఘంటుకర్తలను తప్పుపట్టుట న్యాయము కాదు. వారి కాలమున ఆ పిట్ట పెరటిలోనే తిరుగుచుండెను; పేరు చెప్పిన చాలును. నేడు పేరు పుస్తకములో మిగిలినది, పిట్ట కంటికి దూరమైనది. వసంతములో ఒకనాడు ఒంటరిగా గుట్టలవైపు నడచిపోవుట తెలుగు చదువులో భాగము కావలెననుటకు ఇదియే మొదటి కారణము.

పూర్వులకు చూపు లేదని దీని భావము కాదు. కోకిలకు ‘పరభృత’మను పేరున్నది. పరులచే పెంపబడినదని దాని అర్థము. కోకిల తాను గూడు కట్టదు. కాకి గూటిలో గ్రుడ్డు పెట్టును, కాకి దానిని పొదిగి, పిల్లకు మేత పెట్టి పెంచును. ఈ సంగతి ఇంటిలో కూర్చున్నవానికి తట్టునది కాదు. ఎవడో ఒకడు ఒక చెట్టు క్రింద అనేక దినములు ఓపికతో నిలిచి చూచినందుననే ఆ మాట పుట్టినది. తరువాతివారు మాటను వల్లించిరి, చెట్టును మరచిరి. ‘కోయిలమ్మ’ పాడుచున్నదని పాటలు కట్టువారిలో ఎందరికి ఆ పంచమస్వరము మగపక్షిదని తెలియును? నల్లగా నిగనిగలాడునది మగది. ఆడుది గోధుమవన్నెపై తెల్లని చుక్కలతో ఆకులచాటున నుండును; దాని అరుపు వేరు.

ఫాల్గుణము చివర నల్లమల అంచులందు గాని, కడప, చిత్తూరు సీమల గుట్టలందు గాని నడచువానికి ప్రకృతియే రెండు సదుపాయములు చేయుచున్నది. చెట్లు ఆకు రాల్చియుండును గనుక చూపునకు అడ్డు తక్కువ. వాగులెండి మడుగులు కొన్నియే మిగులును గనుక జంతువులు అక్కడికే చేరును. ఆకులేని మోదుగకొమ్మలపై పూలు ఎర్రగా విరిసి, వాటి తేనెకై గోరువంకలును తేనెపిట్టలును ఉదయమునుండి ముసరుచుండును. శీతకాలములో ఆడుదానివలె వెలవెలబోయియున్న మగ తేనెపిట్ట ఈ ఋతువులోనే నీలిచాయగల నల్లని మెరుపును ధరించును. ఎక్కడనో కంచరి రేకుపై సుత్తితో కొట్టినట్లు ఒకే లయలో ‘టుక్ టుక్’ మను కూత వినబడును. పిచ్చుకకంటె కొంచెము పెద్దదైన పచ్చని పిట్టది ఆ కంఠము. మరికొంత లోపలికి పోయినచో కొండముచ్చులు చెట్లపై మేయుచు జారవిడిచిన లేతకొమ్మలను, కాయలను చుక్కలదుప్పులు క్రింద ఏరుకొనుచుండుట చూడవచ్చును. ఈ స్నేహములో ఉభయులకును రక్షణ యున్నది. పైనున్నవానికి దూరదృష్టి, క్రిందనున్నదానికి వాసన పసిగట్టు ముక్కు. చిరుత అలికిడిని ఎవరు ముందు కనిపెట్టినను వారి హెచ్చరికను రెండవవారు అర్థము చేసికొందురు.

పాలపిట్ట కథ ఇంకను చిత్రము. ఇది తెలంగాణ రాష్ట్రపక్షి. విజయదశమినాడు దీనిని చూచుట శుభమని తెలుగువారి నమ్మకము. ఆ ఒక్కదినము కొరకు దానిని పట్టి, రెక్కలు కట్టి, పంజరములో పెట్టి వీధులలో త్రిప్పి డబ్బు గడించువారున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము దీనిని నిషేధించినను ఆ వాడుక పూర్తిగా పోలేదు. పంజరములోని ఆ పిట్టను చూచి నమస్కరించువారు దానిని నిజముగా చూచిరనవచ్చునా? వసంతములో, జతకూడు తరుణమున, మగపాలపిట్ట ఆకాశములోనికి ఎగసి, కర్కశముగా అరచుచు, ఇటునటు పొర్లుచు క్రిందికి దూకును. తీగపై కూర్చున్నప్పుడు మట్టిరంగున కనబడిన రెక్కలు అప్పుడు నీలముగా విచ్చుకొనును. ఇంగ్లీషువారు దానిని ‘రోలర్’ అని పిలిచినది ఈ పొర్లాట చూచియే. దసరాకు వేలమంది వెదకు పక్షి, చైత్రములో ఊరిచివరి పొలముపై ఉచితముగా చూపు ఈ వేడుకకు ప్రేక్షకులు లేరు.

ఇందుకు ఒంటరితనమెందుకని అడుగవచ్చును. మాట అడవికి శత్రువు. నలుగురు కలిసినచో మాట పుట్టును, మాటతో నవ్వు పుట్టును, దానితో దుప్పి పారిపోవును. ఒంటరివాడు పావుగంట కదలకున్నచో పక్షులు అతనిని లెక్కచేయుట మానును. అప్పుడే అవి తమ పని తాము చేసికొనును. నేటి ఛాయాగ్రాహకులలో కొందరు ఫోనులో పక్షికూతను వినిపించి, ప్రత్యర్థి వచ్చినదని నమ్మించి నిజమైన పక్షిని రప్పించుచున్నారు. గూడు కట్టుకొను వేళ దానిని ఇట్లు మోసగించుట దాని గూటిని ప్రమాదములో పెట్టుట. బొమ్మ దొరకవచ్చును గాని, దానికి చూపు అని పేరు పెట్టరాదు.

భయమున్నది, కాదనరాదు. 2023లో తిరుమల కాలినడకదారిలో చిరుత ఒక చిన్నబాలికను చంపినది. పిమ్మట అక్కడ భక్తులను గుంపులుగా పంపవలసి వచ్చినది. ఇప్పపూలు రాలు కాలమున వాటికై ఎలుగుబంట్లు రాత్రులందును తెల్లవారుజామునను చెట్లక్రింద తిరుగును. ఆ సమయమున అటు పోవుట సాహసము గాదు, అవివేకము. పులుల అభయారణ్యములోనికి అనుమతిలేక కాలినడకను పోవుట చట్టవిరుద్ధము, అది సరియైన కట్టుబాటే. కాని ఒంటరి నడకకు నట్టడవి అవసరము లేదు. ఊరిచివరి గుట్ట, చెరువుకట్ట, తుమ్మలతోపు చాలును. ఇంటిలో దారి చెప్పి, ఎండ ముదరకముందే తిరిగివచ్చువానికి మంచినీళ్ళసీసా, చిన్న పుస్తకము, పెన్సిలు తప్ప వేరు సరంజామా అక్కరలేదు.

ఇట్టి చూపు వలన దేశమునకేమి లాభమను లౌకికులకు కడపజిల్లా సమాధానము చెప్పుచున్నది. ఛాతిపై రెండు పట్టెలుగల కలివికోడి 1848లో శాస్త్రలోకమునకు తెలిసినది. మద్రాసు సైన్యములో వైద్యుడైన జెర్డన్ పేరు దానికి ఇంగ్లీషులో నిలిచినది. 1900 తరువాత అది ఎవరికిని కనబడలేదు. నశించినదని పండితులు తలచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము పక్షన శోధించుచున్న భరత్ భూషణ్, రెడ్డిపల్లె సమీపమున ఒక స్థానిక వేటగాని సాయముతో దానిని మరల లోకమునకు చూపెను. ఎనుబదియారేండ్లు శాస్త్రమునకు లేని పక్షి, కలివిపొదలలో రాత్రులు తిరుగునది గనుక ఆ పొద పేరుతోనే పల్లెవాని నోట బ్రతికియున్నది. దానికొరకు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడినది, తెలుగుగంగ కాలువ దారి మారినది. అయినను అది నేటికిని అంతరించు ప్రమాదపు అంచుననే యున్నది. ఆ వేటగానికి తెలిసినది ఏ నిఘంటువులోను లేదు. అతడు చీకటిలో నడచి నేర్చినాడు.

ఆ తరము వెళ్ళిపోవుచున్నది. చెంచు, యానాది వృద్ధుల నోటనున్న పిట్టల పేర్లు, వాటి కూతల అర్థములు వారి మనుమలకు అందుట లేదు. ఆ మనుమలు బడిలో చదువు పుస్తకములో ‘పక్షివిశేషము’ అని యున్నది. కావ్యములోని పదమునకు తాత్పర్యము వ్రాయించు తెలుగుశాఖలు, ఏటా వసంతములో ఒకదినము విద్యార్థులను విడివిడిగా, ఒక్కొక్కరిని ఒక్కొక్క చెరువుగట్టుకు పంపవలెను. చూచిన పిట్ట రూపు, కూత, మేత, కూర్చున్న చెట్టు, ఆ ఊరివారు దానిని పిలుచు పేరు వ్రాసి తెమ్మనవలెను. ఒక్కొక్క కళాశాలనుండి ఏటా ఇరువది పేర్లు వచ్చినను పదేండ్లలో తెలుగున పక్షుల నిఘంటువు తయారగును. జెర్డన్ తన గ్రంథములో పక్షులకు తెలుగు పేర్లను గూడ అడిగి చేర్చినాడు. పరాయిభాషవాడు అడిగి వ్రాసికొన్న పేర్లను తెలుగువారు అడుగకుండుట ఏ విధముగను సమంజసము గాదు. ఈ ఏటి మోదుగ పూచి రాలకముందే మొదలుపెట్టినచో, కోకిల మగదో ఆడుదో చెప్పగల పట్టభద్రులైనను కొందరు తయారగుదురు.