డిగ్రీ చేతికొచ్చింది.. న్యూస్ డెస్క్‌లో చేరాలా? బెజవాడ యువత ముందు చూసుకోవాల్సినవి ఇవే!

డిగ్రీ అయిపోయింది. తెలుగు బాగా వచ్చు. రాయడమంటే ఇష్టం. మరి ఉద్యోగం?

విజయవాడ పత్రికల ఊరు. 1952లో విశాలాంధ్ర, 1960లో నార్ల వెంకటేశ్వరరావు సంపాదకుడిగా ఆంధ్రజ్యోతి, 1981లో ప్రజాశక్తి.. ఈ మూడు దినపత్రికలూ ఇక్కడే మొదలయ్యాయి. విలేకరి పంపిన వార్తను సరిచూసి, కుదించి, హెడ్డింగ్ పెట్టేది డెస్క్‌లోని సబ్ ఎడిటర్. ఆ తర్వాత ప్రూఫ్ రీడర్, సీనియర్ల కళ్లు కూడా దాని మీద పడేవి. ప్రింట్‌కి వెళ్లేలోపు తప్పు పట్టుకునే టైమ్ ఉండేది.

ఇప్పుడు డిజిటల్ డెస్క్ పని వేరు. కాపీ, థంబ్‌నెయిల్, నోటిఫికేషన్ అన్నీ చాలాసార్లు ఒక్కరి చేతిలోనే ఉంటాయి. బటన్ నొక్కగానే వార్త జనం ఫోన్లలో ఉంటుంది. అంటే కొత్తగా చేరిన కుర్రాడో, అమ్మాయో చివరి కాపలా అన్నమాట!

అది ఎంత బాధ్యతో 2024 సెప్టెంబర్ 1న బెజవాడ చూసింది. సింగ్ నగర్‌ని ముంచింది బుడమేరు. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి కృష్ణా వరద పోటెత్తి, రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. రెండు వరదలు, రెండు వైపులా జనం. హెడ్డింగ్‌లో ఒకదాని బదులు ఇంకోటి పడితే? ఇల్లు వదలాల్సినవాళ్లు ఇంట్లోనే ఉండిపోతారు, అక్కర్లేనివాళ్లు భయంతో పరుగులు తీస్తారు.

అంకెల సంగతీ అంతే. క్యూసెక్కు అంటే సెకనుకు పారే నీరు. టీఎంసీ అంటే మొత్తం నీటి పరిమాణం. సుమారు 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ. "11 లక్షల టీఎంసీల వరద" అని కాపీ వస్తే అక్కడే ఆపగలగాలి. నాగార్జునసాగర్ నిండినా ఉండేది 312 టీఎంసీలే కదా! ఈ అనుమానం వచ్చేవాళ్లే డెస్క్‌కి పనికొస్తారు. టైపింగ్ స్పీడ్ నెల రోజుల్లో వస్తుంది, ఇది మాత్రం రోజూ ప్రాక్టీస్ చేస్తేనే వస్తుంది.

మరి ఇంత బాధ్యత మోసేవాళ్లకి రక్షణ ఏంటి? 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టంలో సబ్ ఎడిటర్, ప్రూఫ్ రీడర్ ఉన్నారు. కానీ అది దినపత్రికలు, వార్తా పత్రికల్లో పనిచేసేవాళ్ల కోసం చేసిన చట్టం. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లతో ఈ నిర్వచనంలోకి ఎలక్ట్రానిక్, డిజిటల్ మీడియా కూడా వచ్చాయి. పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలు ఉద్యోగికి నియామక పత్రం ఇవ్వాల్సిందే.

అందుకే చేరేముందు మూడు విషయాలు అడగండి. నియామక పత్రం ఎప్పుడిస్తారు? షిఫ్ట్ ఎన్ని గంటలు? నేను రాసిన కాపీని పబ్లిష్ చేసేముందు ఇంకెవరైనా చూస్తారా?

మొదటి రెండూ మీ కోసం. మూడోది మీ వార్త చదివే జనం కోసం. "ఎవరూ చూడరు" అని జవాబొస్తే, జీతం ఎంతని అడిగేముందు ఇంకోసారి ఆలోచించుకోండి.