గట్టిదానివి, నీకేం తక్కువ?

డోంగ్లి మండలంలో సోయా చేల గట్ల మీద తిరిగే ఉద్యోగం నాది. వ్యవసాయ విస్తరణ అధికారిని. పెళ్లి కాలేదు, చేసుకోలేదు అంటే ఇంకా నిజం. మద్నూరులో రెండు గదుల అద్దె ఇల్లు, ఒక స్కూటీ, ఒక చిన్న కుక్కరు ఉన్నాయి. కుక్కరు సంగతి ఎందుకు చెప్పానో ఒక్కరికే వండుకునేవాళ్లకు తెలుస్తుంది. అర గ్లాసు బియ్యం పెట్టుకుని, మళ్లీ పప్పు వేరే, కూర వేరే చేయబుద్ధి కాదు. పచ్చడితో తినేసి పడుకునే రాత్రులే ఎక్కువ. జీతం నాది, నిర్ణయాలు నావి, ఈ బతుకు మీద నాకు ఫిర్యాదు లేదు. అయినా ఒంటరితనం లేదంటే అబద్ధం.

ఇక్కడ నాకు తెలిసిన రైతు ఒకామె ఉంది. పేరు రాయను. భర్త పోయాక నాలుగెకరాల నల్లరేగడి తనే చేస్తోంది. సోయాలో కంది సాళ్లు వేస్తుంది, తనే గుంటుక తోలుతుంది. మా వైపు సగం మాట మరాఠీ, సగం తెలుగు. ఆమె రెండింటిలోనూ బేరమాడగలదు. ఒకసారి కొనుగోలు కేంద్రం దగ్గర తేమ 12 శాతం దాటిందని ఆమె బస్తాలు పక్కన పెట్టేశారు. ఇంకో మిషన్‌తో చూసేదాకా అక్కడి నుంచి కదలనంటూ ఎండలో నిలబడింది. చూపించుకుంది, అమ్ముకుంది.

2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాను వానలు ముంచేశాయి. నిజాంసాగర్ గేట్లెత్తారు, మంజీర పొంగింది. ఆమె చేను కూడా నీళ్లలో నిలిచింది. పంట నష్టం రాసుకోవడానికి పోయినప్పుడు పక్క చేను ఆయన ఇంట్లో చుట్టాలు దిగి ఉన్నారు. బావమరిది దేగ్లూరు నుంచి వచ్చి ధైర్యం చెబుతున్నాడు. ఈమె గడప మాత్రం ఎవరూ తొక్కలేదు. ఎందుకని అడిగితే ఊళ్లో ఒకాయన, "ఆమెకేంది మేడం, గట్టిది, అన్నీ చూసుకుంటది" అన్నాడు. సంతకం పెట్టించుకుని నేను లేస్తుంటే, "చాయ్ తాగి పో మేడం, ఇద్దరికి పెట్టిన" అంది. నేనింకా తాగుతానని అననే లేదు.

'గట్టిది' అనే ఆ మెచ్చుకోలు మనకు మహా సౌకర్యం. ఒక మనిషిని గట్టిదన్నాక ఇక పోయి చూడనక్కర్లేదు. జ్వరమొస్తే అడగనక్కర్లేదు, పండక్కి పిలవనక్కర్లేదు. ఏడ్చే ఆడదాని చుట్టూ పదిమంది చేరతారు. ఏడవని ఆడదానికి పని చెప్పడానికే వస్తారు. నా ఫోనులో రోజుకు ఎన్ని పిలుపులొస్తాయో! యూరియా ఎప్పుడొస్తుంది, పంట నమోదైందా, డబ్బులు ఎందుకు పడలేదు... 'తిన్నావా' అనేది మా అమ్మ ఒక్కతే. నిజామాబాద్‌లో ఒక ఆస్పత్రిలో నాకు అపెండిక్స్ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. నేను వాడే మందుల పేర్లు, మోతాదులు అన్నీ నన్నే అడిగి రాసుకున్నారు. కాగితం మీద సంతకానికి మాత్రం, "మీవాళ్లెవరమ్మా?" అన్నారు. అమ్మ బస్సెక్కి వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

పెళ్లి చేసుకుంటే తీరిపోయేదానికి ఇంత రాద్ధాంతమా అంటారు మా చుట్టాలు. వాళ్లను ఒకసారి పాత నిజామాబాద్ జిల్లా పల్లెల్లో తిప్పాలనిపిస్తుంది. మొగుడు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. ఇక్కడ ఆమె బీడీలు చుడుతూ, అత్తకు మందులు తెస్తూ, పిల్లల్ని బడికి పంపుతూ, ఇల్లు కట్టించుకుంటూ ఉంటుంది. మెడలో పుస్తెలున్నాయి కాబట్టి ఆమెను ఎవరూ ఒంటరి అనరు. రాత్రి వీడియో కాల్ పెట్టేశాక ఆమె ఎవరితో మాట్లాడుతుంది?

దేశంలో భర్త పోయినవాళ్లు, విడిపోయినవాళ్లు, పెళ్లి కానివాళ్లు కలిపి ఏడు కోట్లకు పైగా ఆడవాళ్లున్నారని 2011 జనగణన తేల్చింది. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఒంటరి మహిళలకు నెలకు వెయ్యి రూపాయల పింఛను మొదలుపెట్టింది, రెండేళ్లకు దాన్ని 2,016 చేసింది. మంచి పని. పెళ్లి కానివాళ్లకైతే ఊళ్లో 30 ఏళ్లు, పట్నంలో 35 నిండాలని నిబంధన పెట్టారు. పల్లెలో అయిదేళ్లు ముందే ఆశ వదులుకోవాలని కాబోలు! ఎగతాళి పక్కన పెడితే, ఆ డబ్బుతో పొయ్యి వెలుగుతుంది. సాయంత్రం గడవదు. సాయంత్రాన్ని గడిపించాల్సింది ప్రభుత్వం కాదు, మనం.

ఒంటరితనం మెత్తని మనసుల సమస్య అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో ఉన్నారు. దానివల్ల ఏటా 8 లక్షల 71 వేల మరణాలు జరుగుతున్నాయని అంచనా వేసింది.

మన పల్లెల్లో ఆడవాళ్లు కూర్చునే చోటు ఇప్పటికే ఉంది, అదే పొదుపు సంఘం. కానీ ఇప్పుడు మీటింగ్ అంటే కిస్తీ కట్టడం, ఫొటో దిగడం, పోవడం. కిస్తీ తప్పనిదాన్ని ఎవరూ పలకరించరు. ఆమె లెక్క సరిగ్గా ఉంది కదా! 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిబడిలో కూడారు. అక్కడ ఒకరి బాధ ఒకరు చెప్పుకున్నారు, ఆ మాటల్లోంచే సారా మీద పోరాటం లేచింది. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మన సంఘాల్లోనూ అప్పు పుస్తకాలు మూసేశాక ఒక అరగంట ఊరికే కూర్చుంటే ఏ బ్యాంకూ అడ్డుచెప్పదు.

ఇక అసలు మాట. మా సరిహద్దు ఊళ్లలో సంక్రాంతి నుంచి రథసప్తమి దాకా ఇంటింటా హల్దీ కుంకుమ పెట్టుకుంటారు. నువ్వులు బెల్లం పంచుతారు, పసుపు కుంకుమ పెడతారు, చిన్న కానుక చేతిలో పెడతారు. ఆ రోజులన్నీ వీధిలో ఆడవాళ్ల నవ్వులే. భర్త పోయినామెకు పిలుపుండదు. నాలాంటిదాన్ని పిలుస్తారు గానీ కుంకుమ పళ్లెం నా దగ్గరికొచ్చేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నేను చెప్పిన రైతు ఆ రోజుల్లో పొద్దుగూకేదాకా చేనులోనే ఉంటుంది. శనగ చేనులో అప్పుడు అంత పని ఉండదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

ఈ హల్దీ కుంకుమ మహారాష్ట్ర వైపు నుంచి వచ్చింది కదా, భర్త పోయినామెను పక్కన పెట్టడం మాన్పించే దారి కూడా అటు నుంచే వచ్చింది. 2022 మే నెలలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామసభ ఒక తీర్మానం చేసింది. భర్త పోయినామె గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, పుస్తెలు తెంపడం తమ ఊళ్లో ఉండకూడదంది. ఆ నెలలోనే మహారాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలన్నీ అదే దారిలో నడవాలని ఉత్తర్వు పంపింది.

మా డోంగ్లి మండలంలోని సర్పంచులకు, సంఘాల అధ్యక్షురాళ్లకు నా విన్నపం ఇది. అలాంటి తీర్మానం మన గ్రామసభల్లోనూ పెట్టండి. తీర్మానం దాకా ఆగలేని అక్కలు వచ్చే సంక్రాంతికి మీ వీధిలో 'గట్టిది' అని పేరుపడిన ఆమె ఇంటికి ముందు వెళ్లండి. ఫోన్ చేయకండి, వాట్సాప్‌లో పెట్టకండి, గడప దాకా పోయి పిలవండి. కుంకుమ పెట్టించుకోవాలో వద్దో ఆమె చెబుతుంది.